లింకు పంపాలా, మీరే రాయాలా? ట్యూషన్ చెప్పేవారి కోసం

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మోగుతుంది. ఏడో తరగతి పిల్ల నోటుపుస్తకం పేజీని ఫొటో తీసి పంపింది. కింద ఒకే వాక్యం: "టీచర్, ఈ లెక్క అర్థం కాలేదు." యూట్యూబులో వెతికి ఒక వీడియో లింకు పంపితే అర నిమిషంలో పని అయిపోతుంది. కాగితం మీద మీరే రాసి ఫొటో తీసి పంపాలంటే పావుగంట పడుతుంది. ఈలోపు పొయ్యి మీద పాలు పొంగుతాయి.

నేను చాలా ఏళ్ళు లింకులే పంపాను. సోమరితనంతో కాదు, నాకంటే బాగా చెప్పేవారు ఉన్నప్పుడు నా సొంత పైత్యం ఎందుకు అనుకున్నాను. ఒకసారి ఇలాగే ఒక అమ్మాయి భిన్నాల భాగహారం అడిగింది. ముప్పావును ఎనిమిదో వంతుతో భాగించాలి. రంగురంగుల బొమ్మలతో చక్కగా చేసిన పద్నాలుగు నిమిషాల వీడియో పంపాను. మర్నాడు వచ్చి తల దించుకుని కూర్చుంది. "వీడియోలో ఆయన బాగానే చెప్పారు టీచర్. నాకే బుర్ర లేదు."

ఆ మాట విన్నాక నాకు ఒక సంగతి తట్టింది. అరువు తెచ్చిన వివరణ పని చేయకపోతే నింద పిల్లల మీద పడుతుంది. లక్షల మందికి అర్థమైనది తనకు కాలేదంటే లోపం తనదేనని పిల్ల తీర్మానించుకుంటుంది. నేను రాసిన వివరణ పని చేయకపోతే మాత్రం, "టీచర్, మీరు రాసింది తెలియడం లేదు" అని మొహం మీదే చెబుతుంది. అప్పుడు దిద్దుకోవలసింది నేను. లింకుకూ సొంత రాతకూ మధ్య ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. అలాగని అన్నీ మీరే రాయాలని చెప్పబోవడం లేదు. అలా రాసి నేను చేసిన పాడుపని గురించి కూడా కింద చెబుతాను.

ఆరు నుంచి పది వరకు లెక్కలు చెబుతాను కాబట్టి ఉదాహరణలన్నీ లెక్కలవే. సైన్సు చెప్పేవారు తమకు తగినట్టు మార్చుకోవచ్చు.

1. పిల్ల ఏం చేసిందో చూడకముందు ఏమీ పంపకండి

"అర్థం కాలేదు" అన్న మాటకు జవాబు ఇవ్వకండి. "నువ్వు చేసినంతవరకు ఫొటో తీసి పంపు. తప్పైనా సరే, కొట్టివేసింది కూడా కనిపించాలి" అని అడగండి. చాలామంది పిల్లలు తప్పు చేసిన పేజీని చింపి, శుభ్రమైన పేజీలో ప్రశ్న మాత్రం రాసి పంపుతారు. మనకు కావలసింది ఆ చింపిన పేజీ.

పైన చెప్పిన అమ్మాయి పేజీ నేను ఆలస్యంగా చూశాను. తిరగేసి గుణించాలన్న సంగతి ఆమెకు తెలుసు. కానీ రెండో భిన్నాన్ని కాకుండా మొదటిదాన్ని తిరగేసింది. 4/3 × 1/8 చేసి 1/6 అని జవాబు రాసింది. నేను పంపిన వీడియో తిరగేయడం ఎందుకో పద్నాలుగు నిమిషాలు వివరించింది గాని, ఏది తిరగేయాలన్న అనుమానం ఒకరికి వస్తుందని ఊహించనే లేదు. ఊహించకపోవడం దాని తప్పు కాదు. వీడియో తీసినవారి ముందు ఈ అమ్మాయి నోటుపుస్తకం లేదు. నా ముందు ఉంది, నేను చూడలేదు.

పేజీ చూశాక మీకు నాలుగింటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆ పాఠం పిల్లకు అసలు పరిచయమే కాకపోవచ్చు. బడి మానిన రోజున జరిగిపోయి ఉంటుంది. లేదా పాఠం విని, దానినుంచి తనకు తానే ఒక తప్పు సూత్రం తయారు చేసుకుని ఉండవచ్చు. లేదా లెక్క వచ్చు, ప్రశ్నలోని భాష అడ్డుపడి ఉండవచ్చు. ఇంగ్లీషు మీడియంలో చేరి రెండేళ్ళు కాని పిల్లల్లో ఇది చాలా ఎక్కువ. ఇక నాలుగోది పరాకు. పరాకుకు వివరణ అక్కర్లేదు, "మూడో వరుస మళ్ళీ చూడు" అంటే చాలు.

మొదటి రకానికి ఇతరుల వివరణ బాగా పనికొస్తుంది. రెండో రకానికి దాదాపు ఎప్పుడూ మీరే రాయాలి. మూడో రకానికి లెక్క వివరణ రాయకండి, ప్రశ్నను తెలుగులో తిరగరాసి పంపండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ద్విభాషా పుస్తకాలుగా వచ్చాక ఈ పని సులువైంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. ఎదురు పేజీ చూడమంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

2. అరువు తెచ్చుకోవలసినవి మొహమాటం లేకుండా తెచ్చుకోండి

కదిలితేనే అర్థమయ్యేవాటిని కాగితం మీద రాయడానికి తంటాలు పడకండి. వృత్తాన్ని సన్నని ముక్కలుగా కోసి, వాటిని అటొకటి ఇటొకటిగా పేర్చితే దీర్ఘచతురస్రం లాగా మారి వైశాల్యం πr² అవుతుందని చూపే యానిమేషన్ ముందు నా చేతి బొమ్మ వెలవెలబోతుంది. వృత్తలేఖినితో కోణాన్ని సమద్విఖండన చేసే నిర్మాణాలూ అంతే. శంకువులో నీళ్ళు నింపి అదే భూమి, అదే ఎత్తు ఉన్న స్తూపంలో మూడుసార్లు పోస్తే నిండుతుందని చూపడమూ అంతే. చేతిలో వస్తువులుంటే మీరే పోసి చూపండి, లేకపోతే వీడియో పంపండి. పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్ చాలామంది పిల్లలు ఎప్పుడూ స్కాన్ చేసి ఉండరు. 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్ష వేదికలోని పాఠాలకు అది దారి. ముందు అక్కడ వెతకండి. పుస్తకంలోని పేర్లు, గుర్తులే అక్కడా ఉంటాయి కాబట్టి పిల్ల తికమకపడదు.

ఏళ్ళ తరబడి ఎందరో సానబట్టిన వివరణలను కూడా మార్చడానికి ప్రయత్నించకండి. √2 అకరణీయ సంఖ్య (రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయగలిగేది) కాదని, అది కరణీయమని చూపే నిరూపణ అలాంటిది. అందులో ఒక్క మెట్టు తీసేసినా కూలిపోతుంది. సొంతంగా "సులభం" చేయబోయి నిరూపణనే చంపేసిన నోట్సులు నేను చూశాను.

ఇంకో మాట. "ఇతరులది" అని మనం మొహమాటపడే వివరణల్లో చాలావాటికి సొంతదారు ఎవరూ లేరు. (a+b)² కు పెద్ద చతురస్రం గీసి, లోపల రెండు చిన్న చతురస్రాలు, రెండు దీర్ఘచతురస్రాలు చూపే బొమ్మ ఏ యూట్యూబు టీచరుదీ కాదు. క్రీస్తుకు పూర్వం మూడు వందల ఏళ్ళ నాటి గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ఎలిమెంట్స్ గ్రంథం రెండో భాగంలో నాలుగో ప్రతిపాదన అదే. ఆ బొమ్మను మీరు సుద్దముక్కతో గీస్తే ఎవరి సొమ్మూ దొంగిలించినట్టు కాదు.

3. లింకును ఒంటరిగా పంపకండి

పంపబోయే వీడియో ముందు మీరు పూర్తిగా చూడండి. మొదటి రెండు నిమిషాలు చూసి బాగుందనుకుని పంపడం అందరూ చేసేదే. ఆరో నిమిషంలో పిల్లకు ఇంకా రాని త్రికోణమితి వచ్చిపడుతుంది. చూసేటప్పుడు ఈ కింది వాటిని గమనించండి.

పేర్లు. అమెరికా వీడియోల్లో ట్రాపెజాయిడ్ అనేదాన్ని మన పుస్తకాలు ట్రెపీజియం అంటాయి, తెలుగులో సమలంబ చతుర్భుజం. అక్కడ మిలియన్ అంటే మనకు పది లక్షలు, కామాలు పెట్టే చోటు కూడా వేరు. భాగహారం వేసే తీరులో జవాబు ఎక్కడ రాస్తారన్నది దేశాన్ని బట్టి, కొన్నిసార్లు బడిని బట్టి మారుతుంది. పెద్దవాళ్ళకు ఇవి చిన్న విషయాలు. పదకొండేళ్ళ పిల్లకు జవాబు రాసే చోటు మారితే అది వేరే లెక్క.

కొలతలు. అడుగులు, అంగుళాలు, పౌండ్లు వచ్చే వీడియో అయితే పిల్ల బుర్రలో సగం వాటితోనే సరిపోతుంది.

వేగం. పిల్ల ఆపి ఆలోచించవలసిన చోటు ఎక్కడుందో నిమిషాలు, సెకన్లతో రాసుకోండి.

తర్వాత లింకుతో పాటు మూడు వాక్యాలు పంపండి. ఇలా: "2వ నిమిషం నుంచి 5వ నిమిషం వరకు చాలు. 3:40 దగ్గర ఆపి, తర్వాతి వరుస నువ్వే రాయి. చూశాక చెప్పు, ముక్కలు ఇంకా సన్నగా కోస్తే ఆ దీర్ఘచతురస్రం పొడవు ఎంతకు దగ్గరవుతుంది?" ఆ చివరి ప్రశ్న లేకపోతే పిల్ల చూసిందో లేదో మీకు ఎప్పటికీ తెలియదు. రెండు నీలం గీతలు కనిపించడం అంటే సందేశం తెరిచింది అని మాత్రమే అర్థం.

ఒకే సందేహానికి రెండు లింకులు పంపకండి. నేను ఐదు పంపిన రోజులున్నాయి. పిల్ల ఒక్కటీ చూడలేదు, తల్లి మాత్రం "టీచర్ చాలా కష్టపడుతున్నారు" అని సంతోషించింది.

4. అందంగా ఉన్నంత మాత్రాన నిజం కాదు

ట్యూషన్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నోట్సులో తప్పుల కంటే అర్ధసత్యాలు ఎక్కువ, అవే ప్రమాదం. "π = 22/7" అన్న వరుసనే తీసుకోండి. తొమ్మిదో తరగతి పిల్ల అదే వారంలో π కరణీయ సంఖ్య అని చదువుతుంది. 22/7 లవం, హారం ఉన్న మామూలు భిన్నం కదా, కరణీయం ఎలా అవుతుంది? తెలివైన పిల్ల ఇక్కడ ఆగిపోతుంది. తెలివైనది కాబట్టే ఆగుతుంది. 22/7 విలువ 3.142857..., π విలువ 3.14159... మూడో దశాంశ స్థానం దగ్గరే విడిపోతాయి. 499లో ఆర్యభటుడు వృత్త వ్యాసం 20000 అయితే పరిధి 62832 అని చెబుతూ, దానికి "ఆసన్న" అన్న మాట తగిలించాడు. దగ్గరి విలువ అని. పదిహేను వందల ఏళ్ళ కిందట ఆయన పడిన జాగ్రత్త మన ఫార్వర్డుల్లో లేదు. అలాంటి నోట్సు పంపవలసి వస్తే సమానం గుర్తును కొట్టేసి, పక్కన "దాదాపు" అని మీ చేత్తో రాసి పంపండి.

అంకశ్రేఢి (ఒకే తేడాతో సాగే సంఖ్యల వరుస) పాఠంలో అందరూ చెప్పే జర్మన్ గణితవేత్త గౌస్ కథ ఇంకొకటి. చిన్నపిల్లవాడు 1 నుంచి 100 వరకు క్షణంలో కూడేశాడన్న కథ. గౌస్ పోయాక 1856లో ఆయన మిత్రుడు రాసిన జీవితచరిత్రలో బడిలో జరిగిన సంఘటన ఉంది గాని, 1 నుంచి 100 అన్న సంఖ్యలు అందులో లేవు. కథ చెప్పండి, పిల్లలకు ఇష్టం. కథగా చెప్పండి.

చాట్‌బాట్ ఇచ్చిన జవాబు కూడా ఇతరుల వివరణే అనుకోండి, ఆ ఇతరులు ఎవరో తెలియనిది. అది తడబడకుండా మాట్లాడుతుంది కాబట్టి రెట్టింపు జాగ్రత్త కావాలి. ప్రతి వరుసా మీరు పెన్నుతో చేసి చూశాకే పిల్లకు చేరాలి.

కిటుకుల విషయంలో నాదొక నియమం ఉంది. కిటుకు ఎవరిదైనా తెచ్చుకోవచ్చు, కారణం మాత్రం మనమే రాయాలి. 35 వర్గానికి మూడును నాలుగుతో గుణించి పక్కన 25 పెట్టేస్తే 1225 వస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఎందుకు వస్తుందో ఫార్వర్డులో ఉండదు. (10n+5)² ను విప్పితే 100n² + 100n + 25, అంటే 100n(n+1) + 25. రెండు వరుసలు. ఎనిమిదో తరగతి సర్వసమీకరణాలకు దీనికంటే మంచి అభ్యాసం నాకు దొరకలేదు.

5. ఇక మీరే రాయవలసి వచ్చినప్పుడు

పిల్ల రాసిన తప్పు వరుసతోనే మొదలుపెట్టండి. పాఠ్యపుస్తకంలోని నిర్వచనంతో మొదలుపెడితే మీరు రాసేది ఇంకో పాఠ్యపుస్తకమే అవుతుంది, ఉన్నది చాలు. ఆ అమ్మాయికి చివరకు నేను రాసి ఇచ్చినది దాదాపు ఇది:

"నీకు వచ్చిన జవాబు 1/6. సరే. ముప్పావు కిలో పంచదార ఉంది. అరపావు చొప్పున పొట్లాలు కడుతున్నావు. ఒక్క పొట్లమైనా వస్తుందా? నీ జవాబు ప్రకారం ఆరో వంతు పొట్లం వచ్చింది. కిలోలో అరపావు పొట్లాలు ఎన్ని? ఎనిమిది. మరి ముప్పావు కిలోలో? ఎనిమిదిలో ముప్పావు వంతు. అంటే 3/4 × 8. ఇప్పుడు చూడు, ఎనిమిదో వంతు ఎనిమిది అయింది. తిరగబడింది పంచదారా, పొట్లమా? ఇప్పుడు ఒక్కో పొట్లంలో మూడు అరపావులు వేశావనుకో. అప్పుడు ఎన్ని పొట్లాలు? ______"

ఆ గీత ఖాళీగానే వదిలాను. రెండు అని ఆమే నింపింది. 3/4 × 8/3 అని కింద రాసింది కూడా ఆమే. భిన్నాలకు మనకు పావు, అర, ముప్పావు, అరపావు, వీసం అని నోట్లో ఆడే పేర్లున్నాయి. కిరాణా కొట్టుకు వెళ్ళే ప్రతి పిల్లకూ వీటిలో కనీసం నాలుగు తెలుసు. పదహారో వంతును వీసం అంటారని చెబితే ఆశ్చర్యపోయి ఇంట్లో అమ్మమ్మను అడుగుతారు. ఏ విదేశీ వీడియోలోనూ ఇవి దొరకవు, మీరు రాస్తేనే ఉంటాయి.

ఉదాహరణ ఎంచుకున్నాక దానికి రెండో ప్రశ్న వేసి చూడండి. చాలా పోలికలు మొదటి ప్రశ్నకు నిలబడి రెండోదానికి పడిపోతాయి. రుణ సంఖ్యలకు అందరం చెప్పే అప్పు ఉదాహరణ అలాంటిదే. కూడికకు బాగుంటుంది. రుణం రుణంతో గుణిస్తే ధనం ఎందుకు అన్న దగ్గర, "అప్పును అప్పుతో గుణించడం ఏమిటి టీచర్?" అని ఒక అబ్బాయి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మర్నాటికి మేడ మీది నీళ్ళ ట్యాంకు దొరికింది. కుళాయి తిప్పి ఉంచితే గంటకు 2 సెంటీమీటర్ల చొప్పున నీరు దిగుతోంది, అంటే −2. ఇంకో మూడు గంటలకు −2 × 3, ఇప్పటికంటే 6 సెంటీమీటర్లు కింద. మరి మూడు గంటల ముందు? ముందు కాబట్టి −3. అప్పుడు నీరు ఇప్పటికంటే 6 సెంటీమీటర్లు పైన ఉండి ఉండాలి. (−2) × (−3) = +6. ఇదీ సంపూర్ణం కాదు, నిరూపణ అంతకంటే కాదు. కానీ రెండో ప్రశ్నకు నిలబడింది, మూడో ప్రశ్న ఇంకా ఎవరూ వేయలేదు.

ఇప్పుడు నా పాడుపని. సమీకరణాలకు నేను సొంతంగా ఒక పొట్టి సూత్రం రాసి ప్రతి బ్యాచికీ పంచేదాన్ని: "సమానం గుర్తు దాటితే గుర్తు మారుతుంది." పక్షాంతరం అన్న పెద్ద మాటకు నా సులువైన తర్జుమా అది. x + 3 = 12 కు పని చేసింది. తర్వాత 3x = 12 వచ్చింది. సగం మంది x = 12/(−3) = −4 అని రాశారు. నేను చెప్పినట్టే చేశారు! మూడు దాటింది, గుర్తు మారింది. ఏ వీడియో మీదా నెపం వేయడానికి లేదు, అది పూర్తిగా నా చేతిరాత. అప్పటినుంచి దాటడం, మారడం అన్న మాటలే మానేశాను. త్రాసు బొమ్మ గీసి, రెండు తట్టల్లోనూ ఒకే పని చేయాలని, ఏ పని చేశావో పక్కన రాయాలని చెబుతున్నాను. త్రాసు నాది కాదు, ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. సొంతదాన్ని తీసేసి అరువుది పెట్టుకున్నాను.

నిడివి గురించి ఒక్క మాట. అర పేజీ దాటనివ్వకండి. ఒక పేజీకి ఒకే తప్పు. వర్గ సమీకరణాల మీద ఆరు పేజీల నోట్సు రాసి ప్రింటు తీసి ఇచ్చాను ఒకసారి. ఆ కాగితాల వెనక వైపున చిత్తు లెక్కలు చేసుకున్నారు.

చేతిరాత మంచిదా, టైపు చేయడం మంచిదా అంటే, ఒక్క పిల్ల కోసమైతే చేతిరాతే. కొట్టివేత కనిపించినా ఫరవాలేదు. టీచరు కూడా కొట్టివేస్తుందని పిల్లలు చూడడం మంచిదే. √(9+16) ను 3+4 = 7 అని రాసిన అబ్బాయి పేజీ పక్కన నేనూ తొందరలో ఒక తప్పు చేసి దిద్దుకున్నాను. వాడు ముందు నా తప్పు పట్టుకున్నాడు, తర్వాత తనది.

6. తెచ్చి, మీ పిల్లలకు తగ్గట్టు తిరగరాయండి

ఎక్కువ రోజులు మీరు చేసేది పూర్తి అరువూ కాదు, పూర్తి సొంతమూ కాదు. ఎవరి బొమ్మో తీసుకుని, సంఖ్యలు మార్చి, మన ఊరి వస్తువులు పెట్టి, పిల్ల చేసిన తప్పును మధ్యలో ఇరికించి రాస్తారు. తెలుగులో లెక్కల పుస్తకం పుట్టిందే అలా. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని నన్నయ కాలానికి అటూ ఇటూగా పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఉన్నది ఉన్నట్టు దించలేదు. కొన్ని కుదించాడు, కొన్ని చేర్చాడు, జైనుడైన మూలకర్త ఉదాహరణల చోట శైవ సంబంధమైనవి పెట్టాడు. ఎవరి కోసం రాస్తున్నాడో ఆయనకు తెలుసు. మూలం ఎవరిదో దాచలేదు కూడా.

మీరూ దాచకండి. "ఈ బొమ్మ ఫలానా చోట చూశాను" అని ఒక్క వరుస కింద రాస్తే మీ గౌరవం తగ్గదు. పిల్ల కావాలంటే అక్కడికి వెళ్ళి ఇంకా చదువుకుంటుంది. చట్టం సంగతి: కాపీరైటు ఆలోచనకు ఉండదు, దాన్ని చెప్పిన తీరుకు ఉంటుంది. యూక్లిడ్ బొమ్మను మీరు గీయవచ్చు. మరొకరి నోట్సులోని పేజీని మీ పేరుతో పంచకూడదు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు, విద్యార్థి తీసుకునే నకళ్ళకు మినహాయింపు ఇస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని జిరాక్సు దుకాణం మీద పెద్ద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు దీని ఆధారంగానే ప్రచురణకర్తల వాదనను తోసిపుచ్చింది. మరుసటి ఏడాది వారు కేసు విరమించుకున్నారు. అయితే అది విశ్వవిద్యాలయం సంగతి. ఫీజు తీసుకుని ఇంట్లో చెప్పే ట్యూషనుకు దాన్ని గొడుగుగా పట్టుకుని పుస్తకాలకు పుస్తకాలు పీడీఎఫ్ చేసి పంచకండి. క్రియేటివ్ కామన్స్ (ఇతరులు వాడుకోవడానికి రచయిత ముందే ఇచ్చే అనుమతి) అని రాసి ఉన్నవాటిలోనూ కొన్నింటికి వాణిజ్యేతర వినియోగానికి మాత్రమే అన్న షరతు ఉంటుంది, చదవండి. లింకు పంపడానికి ఈ గొడవలేవీ లేవు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఎలాగూ వారి వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతాయి, అక్కడికే పంపండి.

7. ఒక తప్పుల పుస్తకం పెట్టుకోండి

రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్ చాలు. ఎడమ పేజీలో పిల్ల చేసిన తప్పు, ఉన్నది ఉన్నట్టు. కుడి పేజీలో మీరు ఇచ్చింది, లింకైనా, రాతైనా. కింద ఒక గుర్తు: అర్థమైంది, కాలేదు. పిల్లల పేర్లు రాయకండి, తరగతి, తేదీ చాలు. నా పుస్తకంలో (a+b)² = a² + b² అన్న తప్పు ప్రతి సంవత్సరం ఆగస్టుకల్లా వచ్చేస్తుంది. దానికి మొదటి మూడేళ్ళు బొమ్మ ఇచ్చాను, సగం మందికే పని చేసింది. ఇప్పుడు బొమ్మకు ముందు ఒక్క వరుస రాస్తాను: "10+3 ఎంత? దాని వర్గం ఎంత? 100+9 ఎంత?" 169, 109 పక్కపక్కన పడగానే, ఆ 60 ఎక్కడికి పోయిందని పిల్లే అడుగుతుంది. అప్పుడు బొమ్మ చూపిస్తే రెండు దీర్ఘచతురస్రాల్లోనూ ముప్పై, ముప్పై దొరుకుతాయి. యూక్లిడ్ బొమ్మ అదే, దాని ముందు ప్రశ్న నాది.

ఒక వివరణ వరుసగా ముగ్గురికి పని చేయకపోతే కొట్టేయండి. మీకు ఎంత ఇష్టమైనదైనా. ఐదుగురికి పని చేస్తే తోటి ట్యూషన్ టీచర్లకు ఇవ్వండి, ఏ తప్పుకు రాశారో ఆ ఎడమ పేజీతో సహా. అది లేకుండా ఇస్తే మీ రాత కూడా వాళ్ళ పిల్లలకు ఇంకో ఫార్వర్డే అవుతుంది. ప్రపంచమంతా పంచుకుంటున్న ఖాన్ అకాడమీ పాఠాలు మొదలైందీ ఒక్క పిల్ల దగ్గరే. 2004లో అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న సల్మాన్ ఖాన్ (సినిమా ఆయన కాదు) వేరే ఊరిలో ఉన్న బంధువుల అమ్మాయికి ప్రమాణాల మార్పిడి అర్థం కాకపోతే దూరం నుంచే చెప్పడం మొదలుపెట్టాడు. అడిగేవారు పెరిగాక 2006లో వీడియోలు యూట్యూబులో పెట్టాడు. ఆ మొదటి అమ్మాయికి అది అచ్చంగా తన కోసం చెప్పిన పాఠం. మన పిల్లలకు వచ్చేసరికి అదే పాఠం లింకు అయింది.

తొమ్మిదిన్నర ఫోను సంగతికి వస్తే, పరీక్ష మర్నాడే అయితే తప్ప ఆ రాత్రి వివరణ పంపకండి. నిద్రమత్తులో పిల్ల చదవదు, నిద్రమత్తులో మీరూ సరిగా రాయరు. "నువ్వు చేసిన పేజీ ఫొటో పంపి పడుకో, రేపు ఐదింటికి ముందు నీదే చూద్దాం" అని రాయండి. పేజీ వస్తే తప్పుల పుస్తకంలో ఎడమ వైపు దించి పెట్టుకోండి. కుడి వైపు పొద్దున్న కాఫీ అయ్యాక చూసుకోవచ్చు.